వెన్నముద్ద ఎడమ తలుపు

శుభవార్త వచ్చే సమయానికి ఆమె నోటి నిండా టూత్‌పేస్టు నురగ. ఫోను వాష్‌బేసిన్ అంచు మీద పెట్టి స్పీకర్ నొక్కింది. అవతల ఇన్సూరెన్సు కంపెనీ అమ్మాయి. పదకొండు రోజులుగా అదే గొంతు, అదే "లైన్లో ఉండండి". ఇవాళ మాత్రం కొత్త మాట చెప్పింది.

"మేడం, మీ ఉత్తరం మా పైవాళ్ళు చూశారు. మధ్యాహ్నం మూడింటికి సర్వేయరు వచ్చి కారు చూస్తారు. ఆయన సరేనంటే మీ మీద పడ్డ క్లెయిమ్ తీసేస్తాం. ప్రీమియం మళ్ళీ మామూలే."

"హాంకూ," అంది ఆమె నురగలోంచి.

"ఏంటి మేడం?"

గబగబా ఉమ్మేసి, "థాంక్యూ! వెయ్యిసార్లు థాంక్యూ!" అని, బ్రష్షు చేత్తో పట్టుకునే ముందుగదిలోకి పరిగెత్తింది. అక్కడ ఆమె మొగుడు చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. ఆమె వచ్చి మెడకి వేలాడేసరికి ఇస్త్రీపెట్టె ఉన్న చేతిని గాల్లోకి ఎత్తి, ఒంటికాలి మీద నిలబడ్డాడు.

"కాలుద్ది, కాలుద్ది! ఏమైంది?"

"మనిషిని పంపిస్తున్నారు! కారు చూస్తారట! వెన్నముద్దని అమ్మక్కర్లేదు, మనతోనే ఉంటుంది!"

అతను నవ్వాడు. కాకపోతే ఆ నవ్వు అర క్షణం ఆలస్యంగా వచ్చింది. ఇస్త్రీపెట్టె వల్ల కాబోలు అనుకుంది ఆమె.

పెళ్ళయి ఏడు వారాల మూడు రోజులు. ఆమె ఇంకా రోజులతో సహా లెక్కపెడుతూనే ఉంది. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు తలలు ఆనించుకుని ఉండడం చూసినా ఆమెకి వింతే. తాళం రెండుసార్లు తిప్పకపోతే తెరుచుకోని వీధి తలుపు వింతే. పొద్దున అతను లేచాక దుప్పటిలో మిగిలిన వెచ్చదనం ఇంకా వింత. "నీకు పంపులో నీళ్ళొచ్చినా పండగే," అని అక్క ఫోన్లో ఎగతాళి చేస్తే, "మా పంపు శబ్దం నువ్వు వినలేదులే," అంది.

అలాంటి ఇంట్లోకి పదకొండు రోజుల కింద ఆ రెన్యువల్ నోటీసు వచ్చిపడింది. కిందటేడు కట్టినదానికి దాదాపు రెట్టింపు. కారణం కింద చిన్న అక్షరాల్లో ఉంది: గత సంవత్సరం ఒక క్లెయిమ్ నమోదైంది, కనుక నో క్లెయిమ్ బోనస్ రద్దు. వేరే కంపెనీల్ని అడిగితే వాళ్ళూ అదే రికార్డు చూసి అదే పాట పాడారు. అతను మాత్రం, "కంప్యూటర్ తప్పయ్యుంటుందిలే," అని ఊరుకున్నాడు.

ఊరుకుంటే ఎలా? అంత ప్రీమియం కట్టడం వాళ్ళ వల్ల కాదు, ఇన్సూరెన్సు లేకుండా కారు రోడ్డెక్కదు. కారు లేకపోతే ఆమె ఉద్యోగం లేదు. మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి వినికిడి పరీక్షలు చేసే పని ఆమెది. సూట్‌కేసంత మెషీను, బస్సులో ఒక్క కుదుపుకి లెక్కలు తప్పే సున్నితం దానిది. కారు అమ్మేస్తే మళ్ళీ క్లినిక్కు ముందు బల్ల దగ్గర కూర్చుని టోకెన్లు చించాల్సిందే. రెండేళ్ళు చించింది. ఏళ్ళ తరబడి గోడవైపు తిరిగి పడుకున్న ఒక తాతగారు, ఆమె పెట్టిన మెషీనులోంచి మనవరాలి గొంతు వినగానే ఇటు తిరిగిన రోజు తర్వాత ఇక ఆ బల్ల దగ్గరికి పోయే ప్రసక్తే లేదనుకుంది.

అందుకే కంపెనీకి ఉత్తరం ఆమే రాసింది. కాలేజీలో వ్యాసరచన బహుమతులు ఊరికే రాలేదు మరి. "మా చేతికొచ్చిన ఈ నాలుగేళ్ళలో మా కారుకి ఒక్క గీత కూడా పడలేదు. నమ్మకం లేకపోతే మీ మనిషిని పంపి తడిమి చూసుకోండి" అని ముగించింది. అతను రెండుసార్లు చదివి, గొంతు సవరించుకున్నాడు.

"చివరి రెండు వాక్యాలు తీసేద్దామా?"

"అదేంటి! ఆ రెండిట్లోనే ఉంది దమ్మంతా!"

అతను కాగితం తిరిగి ఆమె చేతికిచ్చాడు. ఆమె సంతకం పెట్టి పంపేసింది.

*

సర్వేయరు మూడు కొట్టకముందే వచ్చాడు. బక్కపలచని మనిషి, తాడుకి వేలాడే కళ్ళద్దాలు, భుజాన తోలు సంచి. వెన్నముద్ద ఇంటి ముందు ఎప్పటిలాగే ఎడమవైపు గోడకి ఆనించి ఉంది. నిజంగా వెన్న రంగే దానిది, తొమ్మిదేళ్ళు ఎండ తిన్న వెన్న. సర్వేయరు దాన్ని ముందుకి తీయించి నడి వాకిట్లో పెట్టించాడు.

"టీ తీసుకోండి సార్," అంది ఆమె.

"చూశాక తాగుతానమ్మా. ముందే తాగితే మొహమాటం వస్తుంది."

ముందుగా ఆయన పంపు దగ్గరికి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. వేలు వేలునా తుడుచుకున్నాడు. డాక్టర్లు కూడా ఇంత శ్రద్ధగా తుడుచుకోవడం ఆమె చూడలేదు. తర్వాత ముట్టుకోకుండానే కారు చుట్టూ ఒకసారి తిరిగి, గొంతుక్కూర్చుని, రేకు మీద ఆకాశం నీడ ఎలా పడుతోందో చూశాడు. ఆ తర్వాతే కళ్ళు మూసుకుని అరచెయ్యి ఆనించాడు.

"బానెట్ మీద పిల్లి పడుకుంటుంది. రోజూ ఒకే చోట."

పై అంతస్తు బాల్కనీలోంచి ఇంటి ఓనరు పిన్నిగారు, "మా పిల్లేనండీ! ఇంజన్ వేడికి పడుకుంటుంది!" అని అరిచింది. పిన్నిగారి చెవి మెషీను కూడా ఆమె పెట్టిందే. అయినా అరవడం అలవాటు పోలేదు.

"ముందు బంపర్, కుడివైపు. సైకిలు పెడల్ రాసుకుంది. పాతది, వదిలెయ్యొచ్చు." చెయ్యి పాకుతూ డ్రైవరు తలుపు దగ్గర ఆగింది. "హ్యాండిల్ కింద సన్న గీతలు, కొత్తవి. ఉంగరం అలవాటు లేని వేలు చేసిన పని. పెళ్ళయి రెండు నెలలుండదు."

"ఏడు వారాల మూడు రోజులు!"

సర్వేయరు ఒక కన్ను తెరిచి, "శుభం," అని మళ్ళీ మూసుకున్నాడు.

ఇదెక్కడి విద్య! తను రోజూ తలుపు తీసి, కూర్చుని, నడిపే కారే. దాని ఒంటి మీద తన పెళ్ళి కూడా రాసి ఉందని తనకే తెలియదు. ఈయన వేళ్ళు పుస్తకం చదివినట్టు చదివేస్తున్నాయి. మొగుడికి సైగ చేద్దామని చూసింది. అతను గోడకి ఆనుకుని, కుడితిలో పడ్డ ఎలుకలా బిక్కమొహంతో నిలబడి ఉన్నాడు.

ఆయన ఇప్పుడు వేలి కణుపుతో తలుపుల్ని తట్టడం మొదలుపెట్టాడు. డ్రైవరు తలుపు: డంగ్. దాని వెనకది: డంగ్. అటు తిరిగి, ముందు ఎడమది: డంగ్. వెనక ఎడమది...

డగ్.

ఆమె ఉలిక్కిపడింది. తేడా వెంట్రుకవాసి. మామూలు చెవికి అందేది కాదు. కానీ రోజంతా శబ్దాల మధ్య వెంట్రుకవాసి తేడాలు వెతకడమే ఆమె బతుకుతెరువు. మిగతా మూడూ మోగి ఆగాయి. ఇది మోగబోయి ఆగింది. ఆయనకి వినపడకపోతే బాగుండు అనుకుంది, అనుకున్నందుకు సిగ్గుపడింది.

సర్వేయరు తలుపు వైపు కాదు, ఆమె మొహం వైపు చూస్తున్నాడు.

"మీకూ వినపడిందన్నమాట. ఏం చేస్తారమ్మా మీరు?"

"వినికిడి పరీక్షలు సార్."

"అదీ సంగతి."

ఆయన సంచిలోంచి అగ్గిపెట్టంత పరికరం తీసి తలుపుకి ఆనించాడు. రంగు మందం కొలిచేది. మిగతా చోట్ల వచ్చిన అంకెకి ఇక్కడ మూడింతలు వచ్చింది. ఇంకోసారి చూశాడు, అంతే. తర్వాత మడతపెట్టిన కాగితం తీసి, కళ్ళద్దాలు పెట్టుకుని, వార్తలు చదివినట్టు చదివాడు.

"'ఒక్క గీత కూడా పడలేదు. నమ్మకం లేకపోతే మీ మనిషిని పంపి తడిమి చూసుకోండి.' ఇది మీరు రాసిందేనా?"

"నేనే రాశాను."

"తడిమానమ్మా. ఈ తలుపుకి దెబ్బ తగిలింది. నింపారు, రంగేశారు. దెబ్బ తగలడం నేరం కాదు. మాకు క్లెయిమ్ పెట్టి, మెకానిక్ షెడ్డులో బాగు చేయించుకుని, అసలు తగల్లేదని రాస్తే మాత్రం మావాళ్ళు ఊరుకోరు. ఆ రెట్టింపు ప్రీమియానిక్కూడా పాలసీ ఇవ్వరు."

కారు పోవడం ఒక ఎత్తు. ఉత్తరంలో అబద్ధమాడిన మనిషిగా మిగలడం ఇంకో ఎత్తు. మొగుడి వైపు తిరిగింది. అతను బూటు కొనని పరీక్షిస్తున్నాడు.

"నువ్వేమైనా మాట్లాడతావా?"

అతను మాట్లాడేలోపే పైనుంచి పిన్నిగారు అందుకుంది. "ఆ తలుపేనా? షెడ్డేంటండీ, షెడ్డు! పెళ్ళికి ముందు ప్రతి ఆదివారం పొద్దున్నే నా కిటికీ కింద కూర్చుని బరబరా గీకేవాడు. చెవుడున్న నాకే నిద్ర చెడిపోతోంది నాయనా అంటే, కాస్త ఓర్చుకోండి పిన్నిగారూ, అమ్మాయికి తెలియకూడదు అన్నాడు." కాస్త ఆగి, "అయ్యో, ఆ అమ్మాయివి నువ్వేనా?" అంది.

ఆమె మొగుడికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏం తెలియకూడదు?" అంది ఆమె.

అతను తల ఎత్తాడు. "మార్కెట్ వెనక పార్కింగ్. రెండు స్తంభాలు."

ఆమెకి ఆ సాయంత్రం కళ్ళ ముందు నిలిచింది. అంతకు ఆరేళ్ళ ముందు, నాన్న నేర్పుతుంటే మొదటిరోజే కారు గేటుకి కొట్టింది. నాన్న వేసిన కేకలకి మళ్ళీ స్టీరింగ్ ముట్టలేదు. పెళ్ళి ఖాయమయ్యాక ఇతనే బతిమాలి, బుజ్జగించి, వెన్నముద్దలో కూర్చోబెట్టాడు. మూడో వారం రెండు స్తంభాల మధ్యకి వెనక్కి పెట్టమన్నాడు. పెట్టింది. చివర్లో 'టక్' అని ఏదో వినపడితే, "నా లంచ్ బాక్సు కింద పడింది," అన్నాడు. దిగి వెనక్కి వెళ్ళి చూసి, "పువ్వు పెట్టినట్టు పెట్టావు," అన్నాడు. ఆమె పార్కింగంతా గెంతింది. ఆ రోజు నుంచి ఆ రెండు స్తంభాల కథ ఆమె ఎవరికి చెప్పలేదని! అక్కకి చెప్పింది, క్లినిక్కులో చెప్పింది, చెవులు వినపడని పేషెంట్లక్కూడా చెప్పింది.

"లంచ్ బాక్సు పడలేదా?"

"లంచ్ బాక్సు ఆ రోజు తేనేలేదు."

"చెవుల పరీక్షలు చేసేదాన్ని! నన్ను, శబ్దం విషయంలో!"

"నువ్వు అంత సంబరపడుతుంటే నోరు రాలేదు. చెబితే ఇంకో ఆరేళ్ళు స్టీరింగ్ ముట్టవేమోనని భయమేసింది. రంగు కుదిరేదాకా ఆ వైపు నీ కంట పడకుండా గోడకి ఆనించే పెట్టాను." సర్వేయరు వైపు తిరిగాడు. "మీ ఆఫీసుకి ఒకే ఒక్కసారి ఫోన్ చేశాను సార్. తలుపు నొక్కుకుపోతే ఎంతిస్తారని అడిగాను. కారు వారం రోజులు షెడ్డులో ఉండాలన్నారు. అలా ఉంటే తనకి తెలిసిపోతుంది కదా. వద్దులెండి అని పెట్టేశాను. ఆ ఫోనే క్లెయిమ్ కింద రాసుకున్నారని నోటీసు చూశాక అర్థమైంది. అప్పుడైనా చెప్పాల్సింది. తను ఉత్తరం రాస్తుంటే చూస్తూ ఊరుకున్నాను. తప్పు నాది."

సర్వేయరు అతన్ని పైనుంచి కిందకి చూశాడు. "షెడ్డు పని కాదంటారు. చేత్తో చేశానంటారు. నేను ఇందాకట్నుంచి దీని అంచు కోసం వెతుకుతున్నాను, కొత్త రంగు ఎక్కడ మొదలైందో వేలికి దొరకడం లేదు. ఇరవయ్యారేళ్ళలో నాకు దొరకని అంచు లేదు. ఎలా నమ్మమంటారు?"

"ఆ రబ్బరు కాస్త తీసి చూడండి సార్."

తలుపు తెరిచి, చట్రం చుట్టూ ఉన్న రబ్బరు పట్టీని సర్వేయరు గోటితో మెల్లగా లాగాడు. దాని వెనక, ఎండ పొడ తగలని చోట, వరుసగా పదమూడు చిన్న చదరాలు. ఒక్కోటి చిటికెన వేలి గోరంత. మొదటిది పాలలా తెల్లన. అక్కడి నుంచి ఒక్కో మెట్టూ దిగుతూ, చివరిది అచ్చం వెన్నముద్ద రంగు. ఒక్కోదాని కింద పెన్సిలుతో అంకె, తేదీ.

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని తేదీలు చదివింది.

"అన్నీ ఆదివారాలే," అంది నెమ్మదిగా. ఆ ఆదివారాలు ఆమెకి బాగా గుర్తు. ల్యాబులో అర్జెంటు పళ్ళున్నాయి అని ఫోన్ చేసేవాడు. అతను పని చేసేది కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో. ఎవరివో ముక్కూమొహం తెలియని పళ్ళ మీద ఆమె అప్పట్లో ఎంత కుళ్ళుకుందో!

"డబ్బాలో దొరికే రంగు కొత్త కారుది సార్," అంటున్నాడు అతను. పని సంగతి వచ్చేసరికి అతని భయం ఎటు పోయిందో పోయింది. "ఇది తొమ్మిదేళ్ళు ఎండలో ఉన్నది. పన్ను కూడా అంతే. పక్క పన్నుకి ఎంత వయసుందో కొత్తదానికీ అంత వయసు కలపాలి. పొద్దున పది గంటల వెలుగులో చూడాలి. అదీ అయిదు క్షణాలే. అంతకు మించి చూస్తే కన్ను రాజీపడి, రెండూ ఒకటేలే అంటుంది. అప్పుడు నీలం గుడ్డ వైపు చూసి, కన్ను కడుక్కున్నట్టయ్యాక మళ్ళీ చూడాలి."

"పదమూడు వారాలు!" అన్నాడు సర్వేయరు.

"పన్నెండోది కూడా దగ్గరికొచ్చింది సార్. కానీ సాయంత్రం వెలుగులో ఒక పిసరు పసుపు కొట్టింది."

సర్వేయరు కళ్ళద్దాలు తీసేశాడు. కాసేపు ఆ చదరాల వైపు, కాసేపు తలుపు వైపు చూశాడు. కళ్ళు మూసుకుని ఇంకోసారి అరచెయ్యి ఆనించాడు. ఈసారి తప్పు వెతుకుతున్నట్టు లేదు. ఆమె కూడా పక్కనే తన చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుంది. చల్లటి రేకు. ఎక్కడా గరుకు లేదు, గట్టు లేదు. తను చేసిన గాయం ఇక్కడెక్కడో ఉంది, ఒక మనిషి పదమూడు ఆదివారాలు దాని మీద కూర్చున్నాడు, అయినా తన వేళ్ళకేమీ తెలియడం లేదు. కోపం లేకపోలేదు. కానీ అది వెనక వరసలో కూర్చుంది.

"నా ఫారంలో రెండే గడులున్నాయి," అన్నాడు సర్వేయరు చివరికి. "'దెబ్బ లేదు', 'షెడ్డులో బాగు చేయించారు'. రెండూ అబద్ధమే అవుతాయి. కింద 'ఇతర విషయాలు' అని ఒకటుంది, దాన్ని నేను ఎప్పుడూ ఖాళీగానే వదిలేస్తాను. ఇవాళ రాస్తాను. కానీ ముందు నాకో కొత్త ఉత్తరం కావాలి. పాతదాన్ని పెట్టుకుని నేనేమీ రాయలేను."

"నేను రాస్తాను సార్," అన్నాడు అతను.

"నువ్వాగు," అంది ఆమె. బానెట్ మీద పిల్లి చోటు పక్కనే కాగితం పెట్టుకుంది. బహుమతుల భాష ఒక్క ముక్క రాలేదు. ఇలా రాసింది: "నా పాత ఉత్తరంలో తప్పు ఉంది. తెలియక రాశాను. కారు వెనక ఎడమ తలుపుకి దెబ్బ తగిలింది. తగిలించింది నేను. బాగు చేసింది నా భర్త, తన చేతులతో. మీ దగ్గర ఒక్క పైసా తీసుకోలేదు."

'తగిలించింది నేను' అన్న చోట కలం ఒక్క క్షణం ఆగింది. నాన్న కేకలు ఎక్కడో వినపడ్డాయి. వినపడనిచ్చి, సంతకం పెట్టేసింది.

సర్వేయరు పదమూడు చదరాల ఫోటోలు తీసుకున్నాడు, ఆ ఆఖరి గడిలో ఆరు వరసలు రాశాడు, పక్కకి వెళ్ళి ఆఫీసుతో ఫోన్లో మాట్లాడాడు. ఆయన తిరిగి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఇప్పుడు టీ ఇవ్వండమ్మా."

"అంటే?"

"అంటే మొహమాటపడే అవసరం తీరిందని. బిల్లు లేదు, షెడ్డు లేదు, డబ్బు చేతులు మారలేదు. ఉన్నదల్లా ఒక ఫోను. ఆ క్లెయిమ్ కొట్టేస్తున్నారు, మీ బోనస్ మీకొస్తుంది. ఎల్లుండికి కొత్త నోటీసు. అందరికీ పెరిగిన ఆ కాస్తా మాత్రం మీకూ పెరుగుతుంది. దాన్ని బ్రహ్మదేవుడు కూడా ఆపలేడు, నన్ను తిట్టుకోకండి."

పైనుంచి పిన్నిగారు చప్పట్లు కొట్టింది. ఆమె టీ పెట్టడానికి వెళుతూ వెళుతూ గుమ్మంలో ఒకసారి గెంతింది. మార్కెట్ పార్కింగ్‌లో గెంతినట్టే.

టీ తాగుతూ సర్వేయరు ఏదో మాటకి నవ్వాడు. అతను కప్పు కిందపెట్టి, కాస్త ముందుకి వంగాడు.

"సార్, ఏమీ అనుకోకండి. పైన కుడివైపు రెండో పన్ను కట్టించుకున్నారా?"

సర్వేయరు చెయ్యి నోటి దగ్గరికి వెళ్ళింది. "మా ఆవిడక్కూడా తెలియదే! ఎలా కనిపెట్టారు?"

"ఒక మెట్టు తెలుపెక్కువ. మా ల్యాబుది కాదు."

ఆయన అతని వైపు అలా చూస్తుండిపోయాడు. ఇందాక తను ఆయన వైపు ఎలా చూసిందో అచ్చం అలాగే. ఈ లోకంలో ఎవరి వేలికొసల్లో ఏముందో, ఎవరి కంటికి ఏ మెట్టు కనపడుతుందో! తను ఇన్నాళ్ళూ బస్సుల్లో, క్యూల్లో ఎంతమంది ఇలాంటి వాళ్ళ పక్కన ఊరికే నిలబడి వచ్చేసిందో అనుకుంది ఆమె.

సర్వేయరు వెళ్ళాక వాకిట్లో ఇద్దరే మిగిలారు. పిల్లి కూడా దిగి వచ్చి బానెట్ ఎక్కింది. ఆమె వెనక ఎడమ తలుపు దగ్గరికి వెళ్ళి వేలి కణుపుతో తట్టింది. డగ్. ఇంకోసారి. డగ్. బాగుంది. నాలుగు తలుపుల్లో తనకంటూ ఒక గొంతున్నది ఇదొక్కటే.

"కోపమా?" అన్నాడు అతను, రెండు గజాల దూరంలోనే ఆగి.

"ఉంది. రాత్రి అన్నం తిన్నాక తీరిగ్గా చూపిస్తా. ఇంకేమైనా ఉన్నాయా నా దగ్గర రబ్బరు కింద దాచినవి?"

"లేవు. ఒట్టు."

"సరే విను. రేపు పొద్దున ఆరింటికి లేస్తున్నాం. మార్కెట్ వెనక పార్కింగ్‌కి వెళ్తున్నాం. అవే రెండు స్తంభాలు. నేను వెనక్కి పెడతాను. నువ్వు బయట నిలబడి చూస్తావు. తగిలితే తగిలిందని గట్టిగా చెప్పాలి, పిన్నిగారంత గట్టిగా."

"చెప్తాను."

"లంచ్ బాక్సు మాత్రం ఇంట్లోనే పెట్టిరా."